బయోస్‌కు పాస్‌వర్డ్ పెట్టాలా? వద్దా?.. మర్చిపోతే ల్యాప్‌టాప్ పరిస్థితేంటి? ఇంట్లో కంప్యూటర్ ఉన్నవాళ్లు ముందు ఇది చదవండి

కామారెడ్డి: "ఈ ఒక్క సెట్టింగ్ మారిస్తే చాలు.. మీ కంప్యూటర్‌ను ఎవ్వరూ తెరవలేరు!" రీల్స్ చూసేవాళ్లకు ఇలాంటి వీడియో ఎప్పుడో ఒకప్పుడు కనిపించే ఉంటుంది. కంప్యూటర్ ఆన్ చేస్తారు, టకటకా ఒక కీ నొక్కుతారు, ఎప్పుడూ చూడని స్క్రీన్ ఒకటి వస్తుంది, అందులో పాస్‌వర్డ్ పెట్టేస్తారు. ముప్పై సెకన్లలో పని అయిపోతుంది. చూడగానే మనం కూడా పెట్టేద్దాం అనిపిస్తుంది.

కానీ అలాంటి వీడియోల్లో చెప్పని సంగతులు రెండున్నాయి. ఒకటి.. ఆ పాస్‌వర్డ్ మీ ఫొటోలకు, ఫైళ్లకు తాళం వేయదు. రెండు.. దాన్ని మర్చిపోతే కొన్ని ల్యాప్‌టాప్‌లకు మదర్‌బోర్డు మార్చడం తప్ప వేరే దారి ఉండదు. పెట్టడానికి ముప్పై సెకన్లు, మర్చిపోతే పెద్ద బిల్లు!

మరి పెట్టాలా? వద్దా? ఎవరికి అవసరం, ఎవరికి అనవసరం? కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతాల్లో ఇళ్లలో కంప్యూటర్లు ఎలా వాడుతున్నారో దృష్టిలో పెట్టుకుని ఒక్కొక్కటిగా చూద్దాం.

తొందరలో ఉన్నవాళ్ల కోసం ముందే మూడు ముక్కల్లో..

• ఇంట్లో మీరు, మీ కుటుంబం మాత్రమే వాడే కంప్యూటర్ అయితే బయోస్ పాస్‌వర్డ్ తప్పనిసరి కాదు.
• దానికంటే ముందు చేయాల్సిన పని డిస్క్ ఎన్‌క్రిప్షన్ ఆన్ చేయడం, దాని రికవరీ కీని కాగితంపై రాసి పెట్టుకోవడం.
• ఇంటి ముందు గదిలో ఆన్‌లైన్ సెంటర్ నడిపేవాళ్లు, హాస్టల్లో ల్యాప్‌టాప్ ఉంచుకునేవాళ్లు బయోస్ పాస్‌వర్డ్ పెట్టుకోవచ్చు. కానీ అది ఇంట్లో ఇంకొకరికి తెలిసి ఉండాలి.

అసలు బయోస్ అంటే ఏంటి?

పవర్ బటన్ నొక్కిన వెంటనే విండోస్ రాదు. దానికంటే ముందు మదర్‌బోర్డు మీద ఉన్న చిన్న చిప్‌లోంచి ఒక ప్రోగ్రామ్ నిద్ర లేస్తుంది. ర్యామ్ ఉందా, కీబోర్డు పనిచేస్తోందా, హార్డ్ డిస్క్ దొరికిందా అని చూసుకుని, ఆ తర్వాత విండోస్‌ను లేపుతుంది. ఇలా హార్డ్‌వేర్‌లోనే ఉండే ప్రోగ్రామ్‌ను ఫర్మ్‌వేర్ అంటారు. పాత కంప్యూటర్లలో దాని పేరు బయోస్. ఇప్పటి కంప్యూటర్లలో ఉన్నది యూఈఎఫ్ఐ. అయినా జనం నోట్లో, రిపేర్ షాపుల్లో ఇప్పటికీ బయోస్ అనే మాటే నడుస్తోంది. మనం కూడా అదే వాడదాం.

విండోస్ ఎక్కడి నుంచి లోడ్ కావాలి? హార్డ్ డిస్క్ నుంచా, పెన్‌డ్రైవ్ నుంచా? సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉండాలా? ఇలాంటి నిర్ణయాలన్నీ బయోస్ సెట్టింగ్స్‌లోనే ఉంటాయి. ఇదివరకు రిపేర్ చేసేవాళ్లు తప్ప అటు ఎవరూ తొంగి చూసేవారు కాదు. ఇప్పుడు అలా లేదు. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11కు టీపీఎం 2.0, సెక్యూర్ బూట్‌కు వీలున్న బోర్డు కావాలి. దాంతో చాలామంది బయోస్‌లోకి వెళ్లి వాటిని ఆన్ చేసుకున్నారు. వాలరెంట్ లాంటి కొన్ని గేమ్స్ కూడా విండోస్ 11లో ఇవి ఆన్‌లో ఉండాలని అడుగుతున్నాయి. అంటే మీ ఇంట్లో ఇంటర్ చదివే అబ్బాయికి బయోస్‌లోకి ఎలా వెళ్లాలో మీకంటే ముందే తెలిసి ఉండొచ్చు!

పాస్‌వర్డ్ ఒకటి కాదు.. మూడు రకాలు

చాలామంది పొరబడేది ఇక్కడే. బయోస్‌లోకి వెళ్తే పాస్‌వర్డ్ అని రెండు మూడు చోట్ల కనిపిస్తుంది. ఒక్కోదాని పని వేరు.

1. అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డ్: కొన్ని కంపెనీలు దీన్నే సూపర్‌వైజర్ పాస్‌వర్డ్ లేదా సెటప్ పాస్‌వర్డ్ అంటాయి. ఇది పెడితే బయోస్ సెట్టింగ్స్ మార్చాలన్నప్పుడే అడుగుతుంది. చాలా కంప్యూటర్లలో రోజూ విండోస్ ఓపెన్ చేయడానికి దీంతో పనిలేదు.

2. యూజర్ పాస్‌వర్డ్ లేదా పవర్ ఆన్ పాస్‌వర్డ్: ఇది పెడితే కంప్యూటర్ ఆన్ చేసిన ప్రతిసారీ అడుగుతుంది. కొట్టకపోతే విండోస్ దాకా కూడా వెళ్లదు. చాలా బోర్డుల్లో ఇంకో మెలిక ఉంది. అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డ్ లేకుండా యూజర్ పాస్‌వర్డ్ ఒక్కటే పెడితే, అది తెలిసినవాళ్లకు బయోస్ మీద పూర్తి అధికారం వచ్చేస్తుంది.

3. హార్డ్ డిస్క్ పాస్‌వర్డ్: ఇది బోర్డుకు కాదు, డిస్క్‌కే వేసే తాళం. డిస్క్‌ను తీసి వేరే కంప్యూటర్‌కు తగిలించినా పాస్‌వర్డ్ కావాల్సిందే. మర్చిపోతే డేటా మీద ఆశ వదులుకోవాల్సిందే. మూడింట్లో చాలా జాగ్రత్తగా ఉండాల్సింది దీంతోనే. ఇంట్లో వాడే కంప్యూటర్‌కు దీని జోలికి వెళ్లకపోవడమే మంచిది.

బయోస్ పాస్‌వర్డ్ దేన్ని ఆపుతుంది?

మీరు లేనప్పుడు ఎవరో వచ్చి మీ కంప్యూటర్‌కు ఒక పెన్‌డ్రైవ్ పెట్టారనుకుందాం. అందులో లైనక్స్ ఉంది. కంప్యూటర్‌ను ఆ పెన్‌డ్రైవ్ నుంచే స్టార్ట్ చేశారు. అప్పుడు మీ విండోస్ పాస్‌వర్డ్‌తో వాళ్లకు పనేలేదు. డిస్క్ ఎన్‌క్రిప్ట్ కాకపోతే మీ ఫొటోలు, బ్యాంక్ పేపర్ల స్కాన్‌లు, పిల్లల సర్టిఫికెట్లు అన్నీ బయట పెట్టిన గిన్నెలో అన్నంలా కనిపిస్తాయి.

బయోస్‌కు అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డ్ ఉండి, పెన్‌డ్రైవ్ నుంచి స్టార్ట్ అయ్యే ఆప్షన్‌ను ఆపేస్తే ఈ దారి మూసుకుపోతుంది. తెలిసీ తెలియక ఎవరో విండోస్‌ను చెరిపేసి కొత్తగా ఎక్కించడం కూడా అంత సులభం కాదు. సెక్యూర్ బూట్‌ను ఎవరూ ఆఫ్ చేయలేరు. ఇవీ దీని లాభాలు. తక్కువేం కాదు.

మరి దేన్ని ఆపలేదు?

అసలు కథ ఇక్కడుంది.

డిస్క్‌ను తీసేస్తే? బయోస్ పాస్‌వర్డ్ బోర్డుకు కాపలా కాస్తుంది, డిస్క్‌కు కాదు. నాలుగు స్క్రూలు విప్పి డిస్క్‌ను ఇంకో కంప్యూటర్‌కు తగిలిస్తే ఫైళ్లన్నీ తెరుచుకుంటాయి. ఇంటికి ముందు తలుపుకు గట్టి తాళం వేసి, బీరువాను వాకిట్లో పెట్టినట్టు అన్నమాట.

బ్యాటరీ తీసేస్తే? మామూలు డెస్క్‌టాప్‌ల మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లలా గుండ్రంగా ఒక బ్యాటరీ ఉంటుంది. దాని నంబర్ సీఆర్2032, మూడు వోల్టులు. చాలా డెస్క్‌టాప్ బోర్డుల్లో పవర్ ప్లగ్ పీకేసి, ఆ బ్యాటరీని కాసేపు తీసి పెడితే, లేదంటే బోర్డు మీద దీనికోసమే ఉన్న రెండు పిన్నులను కలిపితే సెట్టింగ్స్ అన్నీ మొదటికి వచ్చేస్తాయి. వాటితో పాటే పాస్‌వర్డ్ కూడా పోతుంది. అంటే స్క్రూడ్రైవర్ పట్టుకోవడం వచ్చిన పదో తరగతి పిల్లాడి ముందు డెస్క్‌టాప్ బయోస్ పాస్‌వర్డ్ నిలవడం కష్టం. ల్యాప్‌టాప్‌ల సంగతి వేరు. ఇప్పటి ల్యాప్‌టాప్‌లలో చాలావరకు ఈ పాస్‌వర్డ్ బ్యాటరీ తీసినా చెరగని చోట ఉంటుంది.

వైరస్ వస్తే? బయోస్‌కు పాస్‌వర్డ్ పెడితే వైరస్‌లు, హ్యాకర్లు రారని అనుకుంటే పొరపాటే. 1999 ఏప్రిల్ 26న ప్రపంచవ్యాప్తంగా లెక్కలేనన్ని కంప్యూటర్లను దెబ్బతీసిన సీఐహెచ్ వైరస్ గుర్తుందా? చెర్నోబిల్ వైరస్ అని కూడా పిలిచారు. తైవాన్ విద్యార్థి ఒకరు రాసిన ఆ వైరస్ డిస్క్‌లోని డేటాను చెరపడమే కాదు, వీలున్న బోర్డుల్లో బయోస్ చిప్‌లో ఉన్నదాన్ని కూడా చెడగొట్టింది. అది కీబోర్డు ముందు కూర్చుని పాస్‌వర్డ్ కొట్టి లోపలికి వెళ్లలేదు. విండోస్ లోపలి నుంచే పని కానిచ్చింది. 2018లో లోజాక్స్, 2023లో బ్లాక్‌లోటస్ అనే వాటిని ఈసెట్ అనే సెక్యూరిటీ సంస్థ బయటపెట్టింది. ఒకటి ఫర్మ్‌వేర్ చిప్‌లోనే దూరింది, ఇంకొకటి సెక్యూర్ బూట్‌నే దాటుకుని వచ్చింది. ఇలాంటివాటికి మందు బయోస్ పాస్‌వర్డ్ కాదు. విండోస్ అప్‌డేట్లు, కంపెనీ ఇచ్చే బయోస్ అప్‌డేట్లు, సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంచడం, పైరేటెడ్ సాఫ్ట్‌వేర్ జోలికి వెళ్లకపోవడం.. ఇవే.

పిల్లలు ఏం చూస్తున్నారో? అది కూడా దీని పని కాదు. పిల్లలకు విండోస్‌లో వేరే స్టాండర్డ్ అకౌంట్ పెట్టి, ఫ్యామిలీ సేఫ్టీ ఆన్ చేయాలి. బయోస్ పాస్‌వర్డ్ ఆ ఏర్పాటును పెన్‌డ్రైవ్‌తో దాటిపోకుండా చూస్తుందంతే.

కామారెడ్డి వరద గుర్తుందా? తాళాల లెక్క అప్పుడు తెలుస్తుంది

2025 ఆగస్టు 27. వినాయక చవితి రోజు. కామారెడ్డి జిల్లాను వాన ముంచెత్తింది. కామారెడ్డి పట్టణంలో జీఆర్ కాలనీ లాంటి చోట్ల ఇళ్లలోకి నీళ్లు వచ్చాయి. 44వ నంబర్ జాతీయ రహదారి మీద రాకపోకలు ఆగాయి, భిక్కనూరు, తలమడ్ల మధ్య రైలు పట్టాల కింద మట్టి కొట్టుకుపోయింది. అలాంటి వరద వచ్చిన ఇంట్లో మంచం కిందో, టేబుల్ కింద అరలోనో ఉన్న సీపీయూ సంగతి ఏంటో ఊహించుకోవచ్చు.

ఇప్పుడు ఒక లెక్క చూద్దాం. నీళ్లలో తడిసి మదర్‌బోర్డు పోయింది. డిస్క్ మాత్రం బతికి ఉంది. అప్పుడేం జరుగుతుంది?

• బయోస్ పాస్‌వర్డ్ మాత్రమే ఉంటే: డిస్క్ తీసి వేరే కంప్యూటర్‌కు తగిలిస్తే ఫైళ్లు వచ్చేస్తాయి. మీకు సంతోషమే. కానీ దొంగ చేతికి చిక్కినా ఇంతే సులభంగా వస్తాయి.

• డిస్క్ ఎన్‌క్రిప్షన్ ఉంటే: వేరే కంప్యూటర్‌కు తగిలించగానే 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. ఎందుకంటే తాళం చెవి పాడైపోయిన పాత బోర్డులోని టీపీఎం దగ్గర ఉండిపోయింది. రికవరీ కీ ఉంటే ఫైళ్లు మీవి. లేకపోతే ఎంత పెద్ద టెక్నీషియన్ దగ్గరికి వెళ్లినా చేతులెత్తేయాల్సిందే.

• హార్డ్ డిస్క్ పాస్‌వర్డ్ ఉంటే: ఆ పాస్‌వర్డ్ గుర్తుండాలి. లేకపోతే కథ ముగిసినట్టే.

చూశారా? గట్టి తాళం దొంగను ఆపుతుంది. తాళం చెవి పోతే మనల్నీ ఆపుతుంది. పెళ్లి ఫొటోలు, పోయిన పెద్దవాళ్ల వీడియోలు, భూమి పత్రాల స్కాన్‌లు.. ఇవన్నీ ఉన్న డిస్క్‌కు తాళం వేసేముందు, చెవి ఎక్కడ దాస్తున్నాం అనేది ఆలోచించాలి. చెవి రాసిన కాగితాన్ని అదే సీపీయూ పక్కన పెడితే రెండూ కలిసి నీళ్లలో పోతాయి. మొబైల్‌లో ఒక ఫొటో, వేరే ఊళ్లో ఉన్న అక్క దగ్గరో బాబాయి దగ్గరో ఒక కాగితం ఉంటే నిశ్చింత.

ఇంకో ముఖ్యమైన మాట. తడిసిన కంప్యూటర్‌ను పనిచేస్తుందో లేదో చూద్దామని ఆన్ చేయొద్దు. ప్లగ్ తీసేసి, వీలైతే ల్యాప్‌టాప్ బ్యాటరీ తీసేసి, నేరుగా టెక్నీషియన్‌కు ఇవ్వండి.

మర్చిపోతే ఏమవుతుంది?

"అన్నా, ఇది ఆన్ అయితలేదు. ఏదో పాస్‌వర్డ్ అడుగుతుంది. మేమైతే ఏం పెట్టలే!" ఈ మాటతో ఒక ల్యాప్‌టాప్ రిపేర్ షాపు కౌంటర్ మీదికి వచ్చిందనుకోండి. డెస్క్‌టాప్ అయితే ఐదు నిమిషాల పని. బిల్లు కూడా పెద్దగా కాదు. ల్యాప్‌టాప్ అయితే అసలు ప్రశ్న మొదలవుతుంది. "బిల్లు ఉందా?"

కంపెనీలు దీన్ని ఉద్దేశపూర్వకంగానే కష్టం చేశాయి. సులభంగా తీయగలిగితే దొంగలకు పండగే కదా. లెనోవో థింక్‌ప్యాడ్ యూజర్ గైడ్‌లో అయితే సూటిగా రాసి ఉంటుంది. సూపర్‌వైజర్ పాస్‌వర్డ్ మర్చిపోతే కంపెనీ రీసెట్ చేయలేదు, సిస్టమ్ బోర్డు మార్చాలి, కొన్నట్టు ఆధారం చూపించాలి, ఖర్చు మీరే పెట్టుకోవాలి అని. మరికొన్ని కంపెనీలు ల్యాప్‌టాప్ మీదే అని రుజువు చూపిస్తే తెరిచే దారి చెబుతాయి. ఏదైనా సరే, బిల్లు లేకపోతే పని జరగదు. బోర్డు మార్చడం అంటే పాత ల్యాప్‌టాప్ విలువలో సగానికి సగం పోయినట్టే. కొన్నిసార్లు కొత్తది కొనుక్కోవడమే నయం అనిపిస్తుంది.

ఇంటర్నెట్‌లో దొరికే మాస్టర్ పాస్‌వర్డ్ టూల్స్ సంగతేంటి? పాత మోడళ్లలో కొన్నింటికి అవి పనిచేసేవి. ఇప్పటి మోడళ్లకు అదే పేరుతో వైరస్ అంటగట్టే సైట్లు ఉన్నాయి. వాటి జోలికి వెళ్లొద్దు.

గల్ఫ్‌లో ఉన్న నాన్న.. ఇంట్లో ఉన్న పాస్‌వర్డ్

కామారెడ్డి, ఎల్లారెడ్డి, నిజామాబాద్ వైపు చాలా ఇళ్లలో ఒకరు దుబాయ్‌లోనో, మస్కట్‌లోనో, సౌదీలోనో ఉంటారు. సెలవు మీద వచ్చినప్పుడు పిల్లల చదువు కోసం ల్యాప్‌టాప్ కొనడం, అన్నీ సెట్ చేసి పెట్టడం మామూలే. ఇలా అనుకుందాం. వెళ్లేముందు రోజు ఆయన ఒక వీడియో చూసి, పిల్లలు పాడు చేయకుండా ఉంటారని బయోస్‌కు పాస్‌వర్డ్ పెట్టారు. ఎవరికీ చెప్పలేదు. ఆర్నెల్ల తర్వాత విండోస్ లోపల ఏదో తేడా కొట్టింది. పెన్‌డ్రైవ్ నుంచి బాగు చేద్దామంటే బయోస్ తెరుచుకోదు. ఫోన్ చేస్తే "నేను పెట్టింది గదే.. లేకుంటే ఆఖర్న వన్ టూ త్రీ కొట్టి చూడు" అంటారు. మూడుసార్లు తప్పు కొడితే కంప్యూటర్ అక్కడే ఆగిపోతుంది. ఆఫ్ చేసి మళ్లీ మొదటి నుంచి మొదలు.

ఇక్కడ తప్పు పాస్‌వర్డ్‌ది కాదు. ఒక్కరి తలలోనే ఉంచడం తప్పు. ఇంటి తాళం చెవి ఇంకోటి పక్కింటి అత్తమ్మ దగ్గర ఉంచుతాం కదా, ఇదీ అంతే.

పరీక్ష పేపర్ల లీక్ కేసు చెప్పిన సంగతి

పాస్‌వర్డ్ ఉంటే చాలు అనుకునేవాళ్లు ఒక్కసారి టీఎస్‌పీఎస్సీ కేసు గుర్తు చేసుకోవాలి. 2022 అక్టోబర్ 16న రాసిన గ్రూప్-1 ప్రిలిమ్స్‌ను 2023 మార్చిలో రద్దు చేశారు. ఏళ్ల తరబడి కోచింగ్‌లకు తిరిగి, రూములు తీసుకుని చదివిన వాళ్లకు ఆ రోజు ఎలా ఉండిందో వేరే చెప్పక్కర్లేదు. ప్రశ్నపత్రాలు కాన్ఫిడెన్షియల్ సెక్షన్‌లోని కంప్యూటర్ నుంచి బయటికి వెళ్లాయని, కమిషన్ లోపల పనిచేసేవాళ్లే ఇందులో ఉన్నారని పోలీసులు చెప్పారు. ఎక్కడో విదేశాల్లో కూర్చున్న హ్యాకర్ కాదు.

అది ఆఫీస్, మనది ఇల్లు. అయినా అక్కడి పాఠం ఇక్కడా పనికొస్తుంది. కంప్యూటర్ దాకా చేయి వెళ్లగలిగిన మనిషి ఎవరు? ముందు ఈ ప్రశ్న వేసుకోవాలి. ఆ జవాబును బట్టే మీకు ఏ తాళం కావాలో తేలుతుంది.

ఎవరికి అవసరం? ఎవరికి వద్దు?

పెట్టుకోవడం మంచిది..

• ఇంటి ముందు గదిలో జిరాక్స్, ఆన్‌లైన్ అప్లికేషన్ల పని చేసేవాళ్లు. మీ కంప్యూటర్‌లో ఊరివాళ్ల ఆధార్, పాస్‌బుక్ స్కాన్‌లు ఉంటాయి. పోయేది మీ డేటా ఒక్కటే కాదు. వేరేవాళ్లు మిమ్మల్ని నమ్మి ఇచ్చింది. ఎన్‌క్రిప్షన్‌తో పాటు బయోస్ పాస్‌వర్డ్ కూడా పెట్టండి. పని అయిపోయిన స్కాన్‌లను ఎప్పటికప్పుడు తీసేయండి.
• హాస్టల్లో, రూముల్లో ఉంటూ ల్యాప్‌టాప్ వదిలి కాలేజీకో లైబ్రరీకో వెళ్లే విద్యార్థులు.
• రైళ్లలో, బస్సుల్లో ల్యాప్‌టాప్‌తో రోజూ తిరిగేవాళ్లు. దొంగ చేతికి వెళ్లినా దాన్ని తిరిగి అమ్మడం కష్టమవుతుంది.

అవసరం లేదు..

• ఇంట్లోవాళ్లు మాత్రమే వాడే డెస్క్‌టాప్. డిస్క్ ఎన్‌క్రిప్షన్, విండోస్ పాస్‌వర్డ్ ఉంటే సరిపోతుంది. ఎన్‌క్రిప్షన్ ఉన్న డిస్క్‌ను పెన్‌డ్రైవ్ పెట్టి చూసినా ఫైళ్లు కనిపించవు.
• పాస్‌వర్డ్‌లు తరచూ మర్చిపోయే పెద్దవాళ్లు ఒక్కరే వాడే ల్యాప్‌టాప్.
• ఆఫీసు వాళ్లు ఇచ్చిన ల్యాప్‌టాప్. అందులో మీరు చేయి పెట్టనే వద్దు. అది వాళ్ల ఐటీ విభాగం పని.

ముందు చేయాల్సినవి.. ఈ వరుసలోనే

1. కొన్న బిల్లును ఫొటో తీసి మెయిల్‌కు పంపుకోండి. ల్యాప్‌టాప్ అడుగున ఉన్న సీరియల్ నంబర్‌ను కూడా.

2. ముఖ్యమైన ఫైళ్లను వేరే హార్డ్ డిస్క్‌లోకో, క్లౌడ్‌లోకో కాపీ చేయండి. ఏ తాళమైనా దీని తర్వాతే.

3. విండోస్ 11 హోమ్‌లో సెట్టింగ్స్‌లోకి వెళ్లి ప్రైవసీ అండ్ సెక్యూరిటీ తెరవండి. డివైస్ ఎన్‌క్రిప్షన్ అని కనిపిస్తే ఆన్‌లో ఉందో లేదో చూడండి. కొత్త ల్యాప్‌టాప్‌లలో మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయితే మీరు అడగకుండానే ఆన్ అయి ఉండొచ్చు. ప్రో వెర్షన్‌లో దీన్ని బిట్‌లాకర్ పేరుతో మీరే నడుపుకోవచ్చు.

4. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లోకి లాగిన్ అయి రికవరీ కీ ఉందో లేదో చూసుకోండి. 48 అంకెలూ కాగితంపై రాసుకోండి. చాలామందికి తమ మైక్రోసాఫ్ట్ అకౌంట్ ఏ మెయిల్‌తో ఉందో కూడా తెలియదు. షాపులో సెట్ చేసిన అబ్బాయి తన మెయిల్‌తో చేసి ఉంటే ఆ కీ కూడా ఆయన దగ్గరే ఉంటుంది! ఇది ఈరోజే చూసుకోండి.

5. ఇవన్నీ అయ్యాకే బయోస్ పాస్‌వర్డ్ గురించి ఆలోచించండి.

పెట్టాలని నిర్ణయించుకుంటే ఇలా చేయండి

బయోస్‌లోకి వెళ్లే కీ కంపెనీని బట్టి మారుతుంది. డెల్, ఏసర్, ఆసుస్ ల్యాప్‌టాప్‌లలో ఎక్కువగా ఎఫ్2. హెచ్‌పీలో ఎఫ్10. లెనోవో థింక్‌ప్యాడ్‌లో ఎఫ్1. డెస్క్‌టాప్ బోర్డుల్లో ఎక్కువగా డిలీట్ కీ. కీ నొక్కే టైమ్ దొరకకపోతే విండోస్ నుంచే వెళ్లొచ్చు. సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో రికవరీ, అడ్వాన్స్‌డ్ స్టార్టప్ దగ్గర రీస్టార్ట్ నౌ నొక్కండి. తర్వాత వచ్చే స్క్రీన్‌లో ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, యూఈఎఫ్ఐ ఫర్మ్‌వేర్ సెట్టింగ్స్ అని వరుసగా ఎంచుకోండి.

• సెక్యూరిటీ పేజీలో అడ్మినిస్ట్రేటర్ లేదా సూపర్‌వైజర్ పాస్‌వర్డ్ మాత్రమే పెట్టండి. యూజర్ పాస్‌వర్డ్, హార్డ్ డిస్క్ పాస్‌వర్డ్ ఖాళీగా వదిలేయండి.
• ముందు పాస్‌వర్డ్‌ను కాగితంపై రాయండి. తర్వాత అది చూస్తూ టైప్ చేయండి. క్యాప్స్ లాక్ ఆఫ్‌లో ఉందో లేదో చూడండి. ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలు చాలు. ప్రత్యేక గుర్తులు వాడకపోవడం నయం.
• మరీ పొడుగ్గా వద్దు. కొన్ని బోర్డులు కొన్ని అక్షరాలే తీసుకుంటాయి.
• సేవ్ చేసి బయటికి వచ్చాక, వెంటనే ఆఫ్ చేసి మళ్లీ బయోస్‌లోకి వెళ్లి పాస్‌వర్డ్ పనిచేస్తోందో చూడండి. ఈ ఒక్క పరీక్ష చాలా తిప్పలు తప్పిస్తుంది.
• బూట్ మెనూ కీ నొక్కి చూడండి. డెల్‌లో ఎఫ్12, హెచ్‌పీలో ఎఫ్9. కొన్ని బోర్డుల్లో బయోస్‌కు పాస్‌వర్డ్ ఉన్నా బూట్ మెనూ మాత్రం అడగకుండానే తెరుచుకుంటుంది. అలా ఉంటే మీరు వేసిన తాళం పక్కనే కిటికీ తెరిచి ఉన్నట్టు! బయోస్‌లో ఆ మెనూను ఆపే ఆప్షన్ ఉంటే ఆపేయండి.
• పక్కన ఉన్న ఇతర సెట్టింగ్స్‌ను ముట్టుకోవద్దు. టీపీఎంను క్లియర్ చేసినా, సెక్యూర్ బూట్‌ను మార్చినా విండోస్ 48 అంకెల కీ అడగొచ్చు.
• బయోస్ అప్‌డేట్ చేయాల్సి వస్తే కంపెనీ సొంత సైట్ నుంచే చేయండి. మధ్యలో కరెంట్ పోతే బోర్డు పాడయ్యే ప్రమాదం ఉంది. ల్యాప్‌టాప్ అయితే ఫుల్ చార్జింగ్‌తో చార్జర్ పెట్టి, డెస్క్‌టాప్ అయితే యూపీఎస్ మీద చేయండి. వాన, గాలి ఉన్న రోజు అస్సలు వద్దు.

సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ కొంటున్నారా? డబ్బులు ఇచ్చేముందే..

కామారెడ్డి నుంచి రైలెక్కి సికింద్రాబాద్ వెళ్లి పాత ల్యాప్‌టాప్ తెచ్చుకునే విద్యార్థులు చాలామందే. కంపెనీలు వాడి అమ్మేసినవి తక్కువ ధరకు వస్తాయి. మంచివే. కానీ అలాంటి వాటిలోనే పాత కంపెనీ పెట్టిన బయోస్ పాస్‌వర్డ్ ఉండిపోయే అవకాశం ఎక్కువ. రోజూ విండోస్ మామూలుగానే తెరుచుకుంటుంది కాబట్టి కొన్నప్పుడు తెలియదు. ఏడాది తర్వాత విండోస్ మళ్లీ వేయించాల్సి వచ్చినప్పుడు బయటపడుతుంది. అప్పుడు నూరు కిలోమీటర్లకు పైగా వెనక్కి వెళ్లి ఎవరిని అడుగుతారు?

అందుకే షాపులోనే ఆన్ చేయించండి. బయోస్‌లోకి వెళ్లి ఏదో ఒక సెట్టింగ్ మార్చి చూడమనండి. పాస్‌వర్డ్ అడిగితే ఆ ల్యాప్‌టాప్ వద్దు. "తర్వాత తీసేసి ఇస్తాం" అంటే తీసేశాకే డబ్బులు. సీరియల్ నంబర్ రాసిన బిల్లు తప్పకుండా తీసుకోండి. అలాగే మీరు మీ పాత ల్యాప్‌టాప్‌ను అమ్మేటప్పుడు, చెల్లికో తమ్ముడికో ఇచ్చేటప్పుడు మీ బయోస్ పాస్‌వర్డ్ తీసేసి ఇవ్వండి.

ఎక్కువమందికి వచ్చే డౌట్లు

ప్రశ్న: విండోస్ మళ్లీ ఎక్కిస్తే బయోస్ పాస్‌వర్డ్ పోతుందా?
జవాబు: పోదు. అది డిస్క్‌లో ఉండదు, బోర్డులో ఉంటుంది. డిస్క్ మార్చినా అలాగే ఉంటుంది.

ప్రశ్న: బయోస్ పాస్‌వర్డ్ పెడితే కంప్యూటర్ స్లో అవుతుందా?
జవాబు: కాదు. విండోస్ వచ్చాక దానికి పనే ఉండదు.

ప్రశ్న: రిపేర్‌కు ఇచ్చేటప్పుడు పాస్‌వర్డ్ చెప్పాలా?
జవాబు: పనిని బట్టి అవసరం కావచ్చు. ఇచ్చేముందు పాస్‌వర్డ్ తీసేయండి, తెచ్చుకున్నాక కొత్తది పెట్టండి. పాతదే మళ్లీ వాడొద్దు.

ప్రశ్న: మా డెస్క్‌టాప్‌లో తేదీ ప్రతిసారీ వెనక్కి పోతోంది. ఎవరైనా బయోస్‌లోకి వెళ్తున్నారా?
జవాబు: ఎక్కువసార్లు కారణం ఆ చిన్న బ్యాటరీ అయిపోవడమే. మార్పిస్తే సరిపోతుంది. పాత బోర్డు అయితే బ్యాటరీతో పాటు పాస్‌వర్డ్ కూడా పోయి ఉండొచ్చు, ఒకసారి చూసుకోండి.

ప్రశ్న: ల్యాప్‌టాప్ పోయింది. బయోస్ పాస్‌వర్డ్ ఉంది కదా, భయం లేదా?
జవాబు: పోలీస్ స్టేషన్‌లో ఫిర్యాదు ఇవ్వండి. ఫోన్ నుంచి మెయిల్, బ్యాంక్ పాస్‌వర్డ్‌లు వెంటనే మార్చేయండి. అకౌంట్ నుంచి డబ్బులు పోయాయని గమనిస్తే ఆలస్యం చేయకుండా 1930కి కాల్ చేయండి.

చివరిగా..

రీల్‌లో చెప్పినట్టు బయోస్ పాస్‌వర్డ్ బ్రహ్మాస్త్రం కాదు. పనికిరానిదీ కాదు. అది రెండో తలుపు. మొదటి తలుపు డిస్క్ ఎన్‌క్రిప్షన్. ఆ రెండింటికంటే ముందు కావాల్సింది బ్యాకప్. వరుస తప్పితే దొంగ సంగతేమో గానీ, మన ఫొటోలకు మనమే బయట నిలబడతాం.

ఈ సాయంత్రం ఒక్క పని చేయండి. మీ 48 అంకెల రికవరీ కీ ఎక్కడుందో వెతకండి. దొరికితే కాగితంపై రాసి ఇంట్లో ఇంకొకరికి చూపించండి. దొరకకపోతే.. బయోస్ పాస్‌వర్డ్ సంగతి తర్వాత, ముందు దాని పని చూడండి.